హాఫ్ పోరి ఫుల్ అయిన రోజు

ఒక్కటి కూడా లేదు, చిన్నోడా.

నిన్న ఫోన్‌లో "అమ్మమ్మా, నువ్వు ఇండియాకు ఆడినప్పుడు ఎన్ని గోల్స్ కొట్టినవ్?" అని అడిగావు. నేను చెప్పేలోపు మీ అక్క ఫోను లాక్కుంది, ఆ తర్వాత లైనే పోయింది. ఒక్క గోల్ కూడా కొట్టలేదు నాన్నా. ఆరేళ్లు దేశం జెర్సీ వేసుకున్నాను గానీ, అవతలివాళ్ల గోల్ దాకా వెళ్లిన సార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన గోల్‌లోకి బంతి పోకుండా చూడడం నా పని. నీ క్లాసులో ఇప్పటికే "మా అమ్మమ్మ మస్తు గోల్స్ కొట్టింది" అని చెప్పేసి ఉంటే మాత్రం అది నువ్వే సర్దుకోవాలి.

మీరు భోపాల్‌లో పుట్టి పెరిగిన పిల్లలు. సెలవుల్లో వచ్చినప్పుడు గౌలిపురలో మా తమ్ముడి ఇల్లు చూశారు కదా, మీరు క్యారమ్స్ ఆడుకున్న ఆ వెనక గది ఒకప్పుడు బర్రెల కొట్టం. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. మా బాపు, అంటే మీ అమ్మకు తాత, పాలు పోసేవాడు. పదకొండు బర్రెలు, ఒక దున్నపోతు. సైకిల్‌కు రెండు పక్కలా డబ్బాలు, హ్యాండిల్‌కు వేలాడుతూ రెండు కొలత గిన్నెలు. అర లీటరు గిన్నె పేరు హాఫ్, లీటరు గిన్నె పేరు ఫుల్. బాపుకు వచ్చిన ఇంగ్లీషు దాదాపు ఆ రెండు మాటలే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది.

హాకీ కట్టె నా చేతికిచ్చింది స్కూల్లో పీటీ మేడం. పాలు పిండి పిండి నా మణికట్లు గట్టిగా ఉండేవి. వంగి గంటసేపు ఉన్నా నడుము నొప్పి తెలిసేది కాదు. అందుకే నన్ను పట్టుకుంది. బాపు కాదనలేదు. "పొద్దటి పాలు పిండినంక నీ ఇష్టం బిడ్డా" అన్నాడు, అంతే.

జిల్లా జట్టుకు ఎంపికైనప్పుడు స్కూల్ గోడకు కాగితం అంటించారు. ఆ రోజుల్లో జట్టులో ముందు అయిదుగురు, వాళ్ల వెనక ముగ్గురు, ఆ వెనక ఇద్దరు, చివర గోల్ కీపర్ నిలబడేవారు. మధ్యలో ఉండే ముగ్గురిని హాఫ్ అనేవాళ్లు, వెనకనున్న ఇద్దరిని ఫుల్ బ్యాక్ అనేవాళ్లు. నా పేరు పక్కన రైట్ హాఫ్ అని ఉంది. ఇంటికొచ్చి సంతోషంగా చెప్పాను.

"హాఫా? హాఫేంది?" అన్నాడు బాపు.

"నేను నిలబడే జాగ బాపు. నడుమల ఉంటది."

"అంటే సగం ఆటేనా? తక్కిన సగం ఎవలాడుతరు?"

"సగం కాదు, మొత్తం ఆడుత. పేరే గట్ల."

"పేరు గట్లెందుకుంటది? నేను హాఫ్ పోసి ఫుల్ అని చెప్తే ఊకుంటరా ఎవలన్న?"

మర్నాడు పాల డబ్బాలతో సహా స్కూలుకొచ్చాడు. మేడం ముందు నిలబడి, "మేడమ్, మా పోరికి తిండికేం తక్కువ లేదు. దినాం ఇంటి పాలు తాగుతది. జర ఫుల్ ఆడనియ్యుండ్రి" అన్నాడు. మేడం విజిల్ నోట్లో పెట్టుకుని అటు తిరిగింది. నవ్వు ఆపుకోవడానికి ఆమెకు అంతకంటే దారి దొరకలేదు. ఆ తర్వాత ఎంత చెప్పినా బాపు వినలేదు. స్కూల్లో నా పేరు హాఫ్ పోరి అయిపోయింది. రెండు రోజుల్లో ఆ పేరు మా గల్లీలోకీ వచ్చేసింది.

గల్లీ మూల మీద ఒక చాయ్ హోటల్ ఉండేది. బాపు అక్కడ పొద్దున, సాయంత్రం పాలు పోసి, పది నిమిషాలు కూర్చుని చాయ్ తాగి వచ్చేవాడు. హోటల్ సేఠ్ వయసులో హాకీ ఆడినవాడు. గల్లా వెనక గోడ మీద ఆయన జట్టు ఫొటోలు రెండు ఉండేవి. కుడిచేతి చిటికెన వేలు వంకరగా ఉండేది, బంతి తగిలి విరిగిందట. నన్ను చూస్తే చాలు, బాపును ఆటపట్టించేవాడు.

"క్యా పహిల్వాన్, బేటీ అభీ బీ ఆధీచ్ హై?"

ఇంకా సగమేనా మీ అమ్మాయి, అని.

"హౌ సేఠ్, అభీ ఆధీచ్. పూరీ హోతీ, దేఖో" అనేవాడు బాపు. ఒకనాటికి పూర్తిది అవుతుంది, చూస్తూ ఉండు, అని. ఆయన వెక్కిరిస్తున్నాడని బాపుకు తెలుసో లేదో నాకు అంతుపట్టేది కాదు.

జిల్లా అయింది, రాష్ట్రం అయింది, రైల్వేలో ఉద్యోగం వచ్చింది. నేను మాత్రం హాఫ్‌లోనే ఉన్నాను. ఏ ఊరు నుంచి తిరిగొచ్చినా బాపు మొదటి మాట "ఇంక హాఫేనా?" నేను "ఇంక హాఫే బాపు" అని చెప్పులు విడిచేదాన్ని.

ఇరవై రెండేళ్లప్పుడు ఇండియా క్యాంపుకు పిలుపొచ్చింది. అక్కడే మొదటిసారి పచ్చ తివాచీలాంటి మైదానం చూశాను. ఇప్పుడు మీ అక్క హాకీ ఆడే మైదానం నీలం రంగుది, ఫొటో పంపింది. మేం గడ్డి మీద, మట్టి మీద ఆడినవాళ్లం. గడ్డి మీద బంతి ఎగిరి, తడబడి, మనకు కాస్త టైమిచ్చి వస్తుంది. అక్కడ నీళ్లు చల్లిన తివాచీ మీద జారుకుంటూ దూసుకొస్తుంది. హాఫ్ అన్నవాళ్లు ముందుకూ వెనక్కూ పరుగెడుతూనే ఉండాలి. నా కాళ్లు చాల్లేదు. నెల రోజులు చూశారు కోచ్ సార్. ఒక పొద్దున పిలిచి, "హాత్ అచ్ఛా హై, దౌడ్ కమ్ హై. కల్ సే పీఛే. ఫుల్ బ్యాక్" అన్నారు. చెయ్యి బాగుంది, పరుగు చాలదు, రేపటి నుంచి వెనక ఆడు.

వెనక ఆడేందుకు అప్పటికే ఇద్దరు పెద్దవాళ్లున్నారు. పదేళ్లుగా వాళ్లే. గదిలో నా పక్క మంచం అమ్మాయి జడ వేసుకుంటూ మామూలుగా చెప్పింది: "పీఛే భేజా, తో సమఝో ఘర్ భేజా." వెనక్కి పంపారంటే ఇంటికి పంపినట్టే అనుకో.

మధ్యలో పది రోజులు సెలవిచ్చారు. పదకొండో రోజు పొద్దునకల్లా తిరిగి క్యాంపులో ఉండాలి, రాకపోతే ఆ జాగా ఇంకో అమ్మాయిది. రైల్లో కూర్చున్నప్పుడే నిశ్చయించుకున్నాను, తిరిగి వెళ్లను. ఉద్యోగం ఉంది, చాలు. కట్టెను గోనెసంచిలో చుట్టేశాను, ఎవరూ అడగకుండా. బాపుకు చెప్పాల్సిన మాటలు దారంతా నోట్లో అనుకున్నాను. "నన్ను హాఫ్‌లకెల్లి తీసిన్రు. ఫుల్ బ్యాక్‌ల ఏసిన్రు. నేనిగ పోను." మూడే మాటలు.

ఇల్లు చేరేసరికి పొద్దున్నే బాపు బర్రెలకు దాణా వేస్తున్నాడు. వెనక్కి తిరక్కుండానే "ఇంక హాఫేనా?" అన్నాడు.

"నన్ను హాఫ్‌లకెల్లి తీసిన్రు బాపు."

చేతిలో గంప అలాగే ఆగిపోయింది. "తీసిన్రా?"

"ఫుల్ బ్యాక్‌ల ఏసిన్రు."

మూడో మాట నా నోట్లోనే ఉంది. గంప కింద పడింది.

"ఏందీ? ఫుల్లా?"

"ఫుల్ బ్యాక్ బాపు. బ్యాక్ అంటే ఎన్క..."

"ఎన్కనో ముంగటనో! ఫుల్లా కాదా, గది చెప్పు."

"ఫుల్లే గని..."

"ఓ ఇగో, ఇంటున్నవా!" అని లోపలికి కేకేశాడు అమ్మకు వినబడేలా. "నీ బిడ్డ ఫుల్ అయ్యింది!"

అమ్మ పిండి చేతులతో బయటికొచ్చి నా ముఖం చూసింది. "ఫుల్ అయితే మొఖం గట్లెందుకున్నదే? జరమొచ్చిందా?" అని నుదురు పట్టుకుంది. నేను జ్వరమేమో అన్నాను. బాపు సైకిల్ తీసుకుని పాలకు వెళ్లిపోయాడు. వచ్చాక చెబుదామనుకున్నాను.

రోజూ తొమ్మిదింటికి వచ్చేవాడు. ఆ రోజు పదకొండు దాటింది. వచ్చి, డబ్బాలు దించకుండానే అరుగు మీద కూర్చుని నన్ను కాసేపు చూశాడు. నేను నోరు తెరవబోతుంటే లేచి, "అటక మీది గవ్వల పట్టీలు తియ్యి బిడ్డా" అన్నాడు.

గవ్వల పట్టీలు దున్నపోతువి. మీరు సదర్ ఎప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతున్నాను. దీపావళి దాటాక మా పాలవాళ్లం దున్నపోతులను నూనె పూసి నిగనిగలాడించి, మెడకూ కాళ్లకూ గవ్వలు కట్టి, బంతిపూల దండలేసి, డప్పులతో ఊరేగిస్తాం. అది మా పెద్ద పండుగ. ఏడాదికి ఒక్కసారే ఆ పట్టీలు అటక దిగుతాయి. అప్పటికి సదర్‌కు ఇంకా నాలుగు నెలలుంది.

సాయంత్రం నాలుగింటికి మా దున్నపోతు పూలదండలతో గల్లీలోకి వచ్చింది. ముందు రెండు డప్పులు. తాడు పట్టుకుని బాపు, ఇస్త్రీ చొక్కాలో. పక్కన నేను, బలవంతంగా. జనం తలుపుల్లోంచి, మిద్దెల మీంచి తొంగి చూశారు.

"ఏందన్నా, సదర్ ఇంక నాలుగు నెల్లున్నది గద! క్యాలెండర్ చింపినవా ఏంది?"

"మీకు దీపావళికి. మాకు గియ్యాల్నే సదర్. మా హాఫ్ పోరి ఫుల్ అయ్యింది!"

"మరి మా పాలేవి? పొయ్యి మీద చాయ్ నీళ్లు మరుగుతున్నయ్!"

"గియ్యాల పాలు లెవ్వు. మొత్తం కోవా జేసిన. తిను, నోరు మూసుకొని."

నిజంగానే ఆ పూట పాలన్నీ అమ్మ కోవా చేసేసింది. తాంబాళం పట్టుకుని వెనకాల వస్తోంది. అందరూ నోట్లో వేసుకుంటున్నారు, నా తల నిమురుతున్నారు. నేను నా కోవా ముద్దను పక్కనున్న పిల్లాడి చేతిలో పెట్టేశాను. మా గల్లీలో ఎవరికీ హాకీ తెలియదు, అది ఒక్కటే ధైర్యం. కానీ దున్నపోతు హోటల్ వైపు నడుస్తోంది. సేఠ్‌కు హాకీ తెలుసు. ఫుల్ బ్యాక్ అంటే ఏమిటో తెలుసు, హాఫ్‌ను అక్కడికి ఎందుకు పంపుతారో కూడా తెలుసు. ఆయన నవ్వి ఒక్క మాటంటే చాలు, ఇంతమంది మధ్య ఆ తాడు పట్టుకుని బాపు ఏమైపోవాలి? నా పరుగు తగ్గినందుకంటే అప్పుడు బాపు పరువుకే ఎక్కువ భయపడ్డాను.

హోటల్ ముందు డప్పులు ఆగాయి. సేఠ్ గల్లా వదిలి బయటికొచ్చాడు. ముందు దున్నపోతును చూశాడు, తర్వాత బాపును, తర్వాత నన్ను. నా వైపు కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆ వంకర వేలున్న చెయ్యి నా తల మీద పెట్టి, "ముబారక్ బేటీ. పూరీ హోగయీ" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినబడేట్టు, "పీఛే సే సబ్ దిఖ్తా" అన్నాడు. వెనక నిలబడితే అన్నీ కనబడతాయి, అని.

అంతే అన్నాడు. నేను నెల రోజులుగా బిగబట్టుకున్న ఊపిరి అక్కడ, ఆ చాయ్ వాసనలో వదిలాను. నాకు నవ్వొచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. డప్పులు మళ్లీ మోగాయి, దున్నపోతు ఎవరి ఇంటి ముందరి బంతి మొక్కనో నమిలేసింది, ఆ ఇంటామె లొల్లి, బాపు ఆమె నోట్లో కోవా పెట్టడం. ఇంటికొచ్చి మిగిలిన కోవా అంతా నేనే తిన్నాను. ఇన్నేళ్లకూ అంత ఆకలి నాకు మళ్లీ వేయలేదు.

గల్లీకి గల్లీ అంతా కోవా తిన్నాక "నేనిగ పోను" అని ఎవరికి చెప్పను? మూడో మాట నోట్లోనే కరిగిపోయింది. పదో రోజు బాపే స్టేషన్‌కు సైకిల్ మీద దింపాడు. గోనెసంచి విప్పి కట్టె బయటికి తీసి నా చేతికిచ్చాడు. "ఫుల్ ఆడేటోళ్లు కట్టెను సంచిల ఎందుకు దాస్తరు?" అన్నాడు.

సేఠ్ చెప్పింది నిజం. వెనక నిలబడ్డాక అన్నీ కనబడ్డాయి. అప్పటిదాకా బంతి వెంట పరుగెత్తడమే ఆట అనుకున్నాను. సాయంత్రం బర్రెలు కొట్టంలోకి వచ్చేటప్పుడు వాటి వెంట ఎవరూ పరుగెత్తరు. తలుపు దగ్గర నిలబడితే చాలు. బర్రె తల ఎటైనా తిప్పుతుంది, దాన్ని నమ్మకూడదు. ముందు భుజం ఎటు వాలితే అటే తిరుగుతుంది. చిన్నప్పటి నుంచి చేసిన పనే. బంతితో వచ్చే అమ్మాయి కట్టె అటూ ఇటూ ఆడిస్తుంటే నేను ఆమె నడుమునే చూసేదాన్ని. ఎటు వాలుతుందో అక్కడ నా కట్టె ముందే ఉండేది. కోచ్ సార్ అది చూశారు. రెండు వారాల తర్వాత ఇద్దరు పెద్దవాళ్లలో ఒకామె పక్కన నన్ను నిలబెట్టారు. ఆ ఏడాదే రెండో ఆమె పెళ్లి చేసుకుని ఆట మానేసింది. ఆ జాగా నాదైంది.

మొదటిసారి యూరప్ వెళ్లాం. వేళ్లు కొంకర్లు పోయే చలి. మ్యాచ్ అయిపోవడానికి కొద్ది క్షణాల ముందు వాళ్లకు పెనాల్టీ కార్నర్, అంటే దగ్గర నుంచి గోల్‌కు కొట్టే అవకాశం, దొరికింది. అప్పుడు మన గోల్‌లో కీపర్‌తో పాటు ఒకరు పక్క కంబం దగ్గర, గీత మీద నిలబడాలి. అది నేను. బంతి వచ్చింది, కీపర్ కింద పడిపోయింది, ఆమె వెనక ఖాళీ గోల్. నేను చేసిందేమీ లేదు, కొట్టే అమ్మాయి నడుము చూసి కట్టె నేల మీద పరిచానంతే. కట్టెకు తగిలి, ఎగిరి, నా మోకాలి కింద కొట్టుకుని బయటికి పోయింది. గెలవలేదు, ఓడలేదు. విజిల్ ఊదాక ఆ గీత మీదే కూర్చుండిపోయాను. కాలు నొప్పి పెడుతోంది, హాయిగా ఉంది. చిన్నోడా, నీకు లెక్క కావాలంటే ఇది రాసుకో. కొట్టినవి సున్నా, పోకుండా ఆపినవాటిలో ఇది ఒకటి.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఫోను లేదు. మూల మీది చాయ్ హోటల్‌లో ఉండేది. మా మేనేజర్ మేడం దయతలచి రెండు నిమిషాలు ఫోను ఇచ్చింది. ఇంటి దగ్గర సాయంత్రం పాల వేళ అయి ఉంటుందని లెక్కవేసి చేశాను. సేఠ్ ఎత్తాడు, గొంతు వినగానే "పహిల్వాన్!" అని అరిచాడు. గ్లాసుల చప్పుడు, ఆ తర్వాత బాపు ఊపిరి.

"ఫుల్ ఆడినవా బిడ్డా?"

"ఫుల్ ఆడిన బాపు. ఓడలేదు."

"కార్నర్ల గీత మీద నువ్వే నిలబడ్డవా? కంబం కాడ?"

"నేనే బాపు. ఆపిన."

"మంచిగైంది. స్వెటర్ ఏసుకో" అన్నాడు, లైను పోయింది.

నేను సంతోషంలో ఉన్నాను, అప్పుడేమీ తట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత, మీ అమ్మకు పాలు పట్టిస్తూ కూర్చున్న ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తట్టింది. హాఫ్ అంటే సగం ఆట అనుకునే మనిషికి కార్నర్ అంటే ఏమిటో ఎవరు చెప్పారు? ఫుల్ బ్యాక్ కంబం దగ్గర నిలబడుతుందని ఎలా తెలుసు?

బాపు ముసలివాడయ్యాక ఒకసారి అడిగాను. సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"బాపు, ఫుల్ బ్యాక్ అంటే ఏందో నీకు ఆ దినమే ఎర్కనా?"

"ఏ దినం?"

"దున్నపోతును తీసిన దినం."

"అబ్బ, గా దున్నపోతు!" అన్నాడు ముఖం వెలిగిపోతూ. "గసుంటిది మల్ల దొరకలె బిడ్డా. ఏం నడక, ఏం మెడ!" ఇక అరగంట దాని గురించే. ఇంకోసారి అడిగితే కళ్లు మూసుకుని నిద్రపోయాడు. నిద్రే అనుకుంటాను, మీసం మాత్రం కదిలింది. అప్పటికే సేఠ్ లేడు. ఆ తర్వాత బాపూ లేడు.

నువ్వు అడిగినదానికి నేను జవాబు చెప్పేశాను, చిన్నోడా. నేను బాపును అడిగింది మాత్రం ఇంకా అలాగే ఉంది. ఆ పొద్దున తొమ్మిదింటికి రావాల్సినవాడు పదకొండింటిదాకా ఎక్కడున్నాడు, హోటల్‌లో కూర్చుని సేఠ్‌తో ఏమైనా మాట్లాడాడా? నన్ను వెనక్కి తోశారని తెలియక దున్నపోతును ఊరేగించాడా, తెలిసేనా?